దుకాణం నడిపేటాయనకు భరణం ఎట్ల లెక్కగడ్తరు?

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. మా చెల్లె విడాకుల కేసు ఆఖరుకొచ్చింది. ఆమె భర్తకు నర్సంపేటల ఎరువుల దుకాణం. వానకాలం, యాసంగి రెండు సీజన్లు గిరాకీ మస్తుంటది. కోర్టుకిచ్చిన అఫిడవిట్‌ల మాత్రం నెలకు 15 వేలే వస్తయని రాసిండు. అది విని మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలే. చెల్లె మిషన్ కుట్టి ఆరేడు వేలు సంపాదిస్తది, ఏడేండ్ల బిడ్డ ఆమె దగ్గర్నే ఉంది.

జీతగాళ్లకైతే చేతికొచ్చే జీతంల 25 శాతం న్యాయమేనని 2017ల సుప్రీంకోర్టు ఒక కేసుల చెప్పింది. మరి దుకాణందారుకు ఏం లెక్క? జీఎస్టీ కాగితాలు, బ్యాంకు ఖాతా తెప్పియ్యమని కోర్టును అడగొచ్చా? ఒకేసారి 8 లక్షలిచ్చి తెగదెంపులంటున్నడు. అది తీసుకుంటే పిల్ల చదువు ఖర్చు తర్వాత అడగొచ్చా? 19న వాయిదా ఉంది, తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.