సంఘం డబ్బుతో ఈతకొలను కట్టించడం అవసరమా, కోరికా?

ప్రశ్న:
బెంగళూరు మారతహళ్ళిలో నలభై కుటుంబాలున్న అపార్ట్‌మెంటు మాది. సంఘం నిధిలో మిగిలిన డబ్బుతో పిల్లలకు చిన్న ఈతకొలను కట్టించాలని కొందరు, పాడైన ఇంకుడు గుంతలను బాగుచేయించాలని మరికొందరు పట్టుబడుతున్నారు. పిల్లల ఆటను వట్టి కోరికగా కొట్టిపారేయడానికి నాకు మనసొప్పడం లేదు. ఎలా తేల్చుకోవాలి?

మొదటి జవాబు:
2024 మార్చిలో తాగునీటితో కార్లు కడగడాన్ని, ఈతకొలనులు నింపడాన్ని బెంగళూరు జలమండలి నిషేధించి, మీరినవారికి 5,000 రూపాయల జరిమానా విధిస్తామని ప్రకటించింది. ఆ నెలలో మా బోరు ఎండిపోయినప్పుడు, ట్యాంకరు వచ్చే వేళకు మా అత్తగారు మెట్ల దగ్గర ముందు తాగునీటి బిందె, తర్వాత వంటకు రెండు గిన్నెలు, అన్నిటికన్నా చివర బట్టలు ఉతికే బకెట్టు వరుసగా పేర్చి కూర్చునేవారు. ఏది ముందో తేల్చడానికి నాకు ఆ వరుస చాలు. ముందు ఇంకుడు గుంతలు బాగుచేయించండి.

రెండవ జవాబు:
పిల్లలకు ఆట అవసరమేనండీ, కాదనను. అయితే ఆ ఆట ఈతకొలనులోనే సాగాలన్నది మాత్రం కోరిక. మరొక మాట, మీ వాచ్‌మన్ కుటుంబాన్ని ఎవరైనా అడిగారా? నీళ్లు తగ్గితే ముందుగా ఎండేది వారి కుళాయే.

ప్రశ్న అడిగినవారు:
ఈ రోజే అడిగానండీ. సాయంత్రం ఆరు దాటితే కింది కుళాయికి నీళ్లు రావని, పైఅంతస్తు వారింటి నుంచి బిందెతో తెచ్చుకుంటున్నామని వాచ్‌మన్ భార్య చెప్పారు. ఆదివారం సమావేశంలో ముందుగా ఈ విషయమే ప్రస్తావిస్తాను.