రెండు రాజ్యాల నడుమ లంక, వద్దంటున్న సరంగు: కథ కదలడం లేదు

లంకగట్టు:
పాత గోదావరి డెల్టా పోలికతో ఒక కల్పిత లోకం పెట్టుకుని పెద్ద నవల రాస్తున్నానండి. పాయలు చీలే చోటు ఎగువ రాజ్యానిది. పాయలు సముద్రంలో కలిసే మొగలు, ఉప్పు దిగువ రాజ్యానివి. నడుమ లంకలో, అంటే పాయల మధ్య దిబ్బ మీద, పడవ నడిపే సరంగు మన కథానాయకుడు. పాయల లోతులు అతనికే తెలుసు కాబట్టి రెండు పక్కలా అతనే కావాలి. పన్నెండు అధ్యాయాలుగా ‘నా వల్ల కాదు’ అంటూనే ఉన్నాడు, కథ నడవట్లేదు. పదమూడో అధ్యాయంలో ఇరవై వేల సైన్యం రెండు రోజుల్లో పాయ దాటేస్తుంది. నమ్మేలా ఉందా?

గౌతమి ఒడ్డు:
వద్దని ఊరుకుంటున్నాడు, చిక్కంతా అక్కడే. వద్దన్న ప్రతిసారీ అతనొక పని చెయ్యాలి, దాని నష్టం ఎవరికో తగలాలి. మూడో అధ్యాయంలోపే ఎగువ దూతకి దారి చెప్పనని, రాత్రికి రాత్రి పడవలకి లోతు దారి చూపడానికి పాయలో పాతిన గెడ గుర్తులు పీకెయ్యనివ్వండి. తెల్లారేసరికి సొంత ఊరి ధాన్యం పడవ ఇసుక మేట ఎక్కి పగులుతుంది. తర్వాత దిగువవాళ్లకీ వద్దంటాడు. వాళ్లేమో ఇతను ఎగువకి అమ్ముడుపోయాడనుకుని లంకకి ఉప్పు ఆపేస్తారు, పట్టిన చేప కుళ్లిపోతుంది. ఏడో అధ్యాయానికల్లా వద్దనే వీలే పోవాలి.

రాజ్యాలు రెండూ ఒకదానికొకటి పరాయివిగా ఉన్నట్టున్నాయి. గోదావరి, కృష్ణల నడుమ ఉన్న పాత వేంగి రాజ్యం చరిత్ర చూడండి. గద్దె కోసం గొడవలో రాజరాజ నరేంద్రుడి వెనక చోళులు, సవతి సోదరుడు విజయాదిత్యుడి వెనక కల్యాణి చాళుక్యులు. నరేంద్రుడి తల్లి చోళుల ఆడపడుచు, భార్య రాజేంద్ర చోళుడి కూతురు. నరేంద్రుడు 1022లో వేంగి పట్టం కట్టుకున్నాడు, ఆయన కొడుకే 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. అలాంటి చుట్టరికం పెడితే, పెద్దింటి అన్నదమ్ముల గొడవలో నేనెందుకు చావాలని సరంగు అడగడానికి గట్టి కారణం దొరుకుతుంది.

వశిష్ఠ మొగ:
రెండు రోజులు కుదరదండి. పడవకి పాతికమంది, పది పడవలు, దాటించి ఖాళీగా తిరిగి రావడానికి గంట అనుకుందాం. గంటకి 250 మంది, అంటే రాత్రీ పగలూ ఆపకుండా 80 గంటలు. గుర్రాలు వేరు. మనిషికి రోజుకి కిలో బియ్యం లెక్కేసినా 20 టన్నులు, అదీ పడవల మీదే రావాలి. వరదలో గంట చాలదు: దాటేలోపు పడవ కిందకి కొట్టుకుపోతుంది, గట్టు వెంట తాడుతో పైకి లాగి మళ్లీ వదలాలి. సైన్యం సగం అటు, సగం ఇటు ఉండే రెండో రోజు మీ కథకి బంగారం, వదులుకోకండి.

నెల కూడా చూసుకోండి. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా ఎర్రనీరు, అంటే వరద, బళ్లు బురదలో దిగబడతాయి. ఆశ్వయుజ, కార్తీకాల్లో తుపాన్ల భయం. దండు కదిలేది పుష్యం తర్వాతే. అప్పటికి నీరు తీసి మేటలు పైకి తేలతాయి, లోతు తెలిసిన సరంగుకి గిరాకీ అప్పుడే. మొగల దగ్గర పోటు సుమారు 12 గంటల 25 నిమిషాలకోసారి వస్తుంది, రోజుకి 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పున్నమి దాటాక జోరు, అష్టమి దాటాక మందం. రోజూ పొద్దుగూకే వేళకే పోటు రాశారంటే పడవ తెలిసినవాళ్లు అక్కడే పుస్తకం మూసేస్తారు.

లంకగట్టు:
లాకులు, అంటే నీటిని ఆపే తలుపులు, మూసి పాయ ఎండగట్టే ఘట్టం ఒకటుంది. ఉంచొచ్చా?

గౌతమి ఒడ్డు:
నన్నడిగితే తీసెయ్యండి. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ హయాంలో 1847లో మొదలై 1852కి పూర్తయింది, మనం చూసే లాకుల కాలవలు దానితో వచ్చినవే. కల్పిత లోకం కాబట్టి పెట్టుకోవచ్చు గానీ, అప్పుడు తలుపు దగ్గర కాపలా ఉన్నవాడిదే పెత్తనం, సరంగు తెలివికి పనుండదు. బదులుగా వేసవిలో పాయ ఇరుకైన చోట ఇసుక నింపిన పడవలు వరసగా ముంచనివ్వండి. వాటి వెనక మేట పడుతుంది, వరద వచ్చాక నీరు అవతలి గట్టుని కోస్తుంది. ఆ గట్టు మీద ఎవరి పొలాలున్నాయో ముందే పటంలో గీసుకోండి.