శరత్కాలపు సైక్లమెన్ మన కొండల్లో పెంచొచ్చా, ఆశ వదులుకోవాలా?

రాయగడ పెరడు:
పోయిన డిసెంబరులో ఒక నర్సరీలో పూలతో ఉన్న సైక్లమెన్ కుండీ కొన్నాను. వెనక్కి మడిచిన రేకులు, వెండి చారల ఆకులు, ఎంత బావుందో. మార్చికల్లా ఆకులు పండిపోయాయి. జూలై ముసురులో దుంప చేత్తో పట్టుకుంటే మెత్తగా జారిపోయింది. ఏడుపొచ్చింది. శరదృతువులో పూసే జాతి వేరే ఉందని, పేరు హెడెరిఫోలియం అని ఈ మధ్యే తెలిసింది. ఆకులకంటే ముందు పూలే వస్తాయట. మన దక్షిణ ఒడిశా కొండల వైపు ఎవరైనా పెంచారా? ఇంట్లో మాత్రం మళ్ళీ డబ్బు దండగ అంటున్నారు.

సిరొంచ గట్టు:
వదిలేయండి అక్కా. అది మధ్యధరా సముద్రం చుట్టుపక్కల మొక్క. దక్షిణ ఫ్రాన్స్ నుంచి టర్కీ దాకా దాని ఇల్లు. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలం పొడిగా ఉంటుంది. మనకేమో వానంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపే. దానికి నిద్రవేళ, మనకు ముసురు. దుంప కుళ్ళక ఏం చేస్తుంది? మా సిరొంచలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, ఇక్కడైతే ఆలోచన కూడా వద్దు. దుంప పూలే కావాలంటే అడవినాభి పెట్టుకోండి. తొలకరికి తానే లేచి, వానల్లో పూసి, చలికి పడుకుంటుంది. విషపు దుంప కాబట్టి పిల్లలకు అందకుండా చూసుకోండి, అంతే.

సునాబెడ వసారా:
నేను పెంచుతున్నాను కాబట్టి చెప్పకుండా ఉండలేను. సిరొంచ అన్న చెప్పిన వానల లెక్క నూటికి నూరు పాళ్ళు నిజం. కానీ దాన్నిబట్టి పెంచొద్దు అనడం ఒప్పుకోను. కుండీని చూరు కింద పెడితే వాన మన చేతిలోకి వచ్చేసినట్టే.

అక్కా, మీ దగ్గర కుళ్ళింది పెర్సికం జాతి. నర్సరీల్లో పూలతో అమ్మేది దాదాపు అదే. దాని వేళ్ళు దుంప అడుగు నుంచి వస్తాయి, అందుకే దుంపను సగం పైకి కనబడేలా నాటమంటారు. హెడెరిఫోలియం వేళ్ళు దుంప పైభాగం నుంచి, పక్కల నుంచి వస్తాయి. పెర్సికం పద్ధతిలో దీన్ని పైకి తేలేసి పెడితే వేళ్ళకు మట్టే అందదు. నున్నటి గుండ్రటి వైపు కిందికి పెట్టి, పైన రెండంగుళాల మట్టి కప్పాలి. మొదటి ఏడాది ఇది తెలియక మూడు దుంపల్లో రెండు పోగొట్టుకున్నాను. ఒకటి తలకిందులుగా కూడా పెట్టాను.

మట్టి సంగతి: ఎర్రమట్టి ఒక పాలు, బాగా చివికిన ఆకుమట్టి ఒక పాలు, ఏటి ఇసుక, చిన్న కంకర కలిపి రెండు పాళ్ళు. కుండీ కచ్చితంగా మట్టిదే. ఆకులు రాలాక, మార్చి నుంచి మే దాకా పదిహేను ఇరవై రోజులకోసారి అంచు వెంట కొంచెం నీళ్ళు. హెడెరిఫోలియంను ఎండిన ఉల్లిపాయలా బొత్తిగా ఆరబెట్టడం మంచిది కాదు. జూన్ నుంచి ఒక్క చుక్క కూడా పోయలేదు, వసారాలో గాలి తేమే సరిపోయింది. సెప్టెంబరు చివర్లో రాత్రులు చల్లబడగానే ఒకసారి నిండుగా తడిపాను. మూడో ఏట, దీపావళికి కొద్ది రోజుల ముందు, బోడి మట్టిలోంచి నాలుగు గులాబీరంగు పూలు లేచాయి. ఒక్క ఆకు లేదు! ఆ ఉదయం ఇంట్లో అందర్నీ నిద్రలేపి చూపించాను.

గుణుపురం మెట్ట:
మాస్టారూ, మీ సునాబెడ సుమారు 900 మీటర్ల ఎత్తు. చలికాలం రాత్రి స్వెట్టర్ లేకుండా బయటికి రాలేరు. రాయగడ, గుణుపురం వేడి వేరు. మీ నాలుగు పూలు చూసి మేం దుంపలు తెప్పిస్తే నష్టం మాదే కదా.

ఇంకో మాట. ఈ దుంపల్ని టర్కీ కొండల్లో అడవి నుంచి తవ్వి లక్షల్లో అమ్మిన రోజులున్నాయి. అందుకే సైక్లమెన్ జాతులు, అడవి మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. నేను ఆన్‌లైన్‌లో కొన్న దుంప ఎండి చెక్కలా వచ్చింది, ఎక్కడిదో అమ్మినవాళ్ళు చెప్పలేదు. అలాంటిది కొనడం తప్పని నా గట్టి అభిప్రాయం.

సునాబెడ వసారా:
రెండో మాటకు చేతులెత్తి నమస్కారం. దుంప కొనొద్దు, గింజ వేయండి. ఒకరోజు నానబెట్టి, మట్టి కప్పి, చీకట్లో ఉంచాలి. వెలుగు తగిలితే మొలక సరిగా రాదు. 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి కాబట్టి నవంబరు చివర వేస్తే మంచిది. నెల, నెలన్నర, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మొదట ఒకే ఆకు వస్తుంది. పువ్వుకు రెండు మూడేళ్ళు ఆగాలి. ఎత్తు విషయంలో మీరే కరెక్ట్. రాయగడలో కుదురుతుందని నేను హామీ ఇవ్వను. నేల మీద మాత్రం మా ఊళ్ళో కూడా నాటను.

సిరొంచ గట్టు:
మూడేళ్ళు, నాలుగు పూలు, వానాకాలమంతా చూరు కింద కాపలా. నా మాట మార్చుకోను మాస్టారూ. మన నేలకు నచ్చిన మొక్కను పెంచడంలో ఉన్న సుఖం వేరు. కానీ వేళ్ళు పైనుంచి వస్తాయన్న సంగతి నాకు తెలీదు. అది చదివాక, ఇన్నాళ్ళూ చచ్చిపోయిన వాటిలో కొన్ని వాన వల్ల కాదేమో అనిపిస్తోంది.

రాయగడ పెరడు:
దుంప కొనను. మాస్టారూ, మీ మొక్కకు కాయ నిలిచిందా? నిలిస్తే పది గింజలు ఇస్తారా? మా ఇంటికి ఉత్తరం వైపు వసారా ఉంది, మధ్యాహ్నం ఎండ తగలదు.

సునాబెడ వసారా:
రెండు కాయలు నిలిచాయమ్మా. పువ్వు రాలాక కాడ స్ప్రింగులా చుట్టుకుని కాయను మట్టి దగ్గరికి దించింది. ఎండాకాలానికి పండుతాయి. గింజ మీది తీపి జిగురు కోసం చీమలు ఎత్తుకుపోతాయి కాబట్టి ఇప్పుడే పల్చటి గుడ్డ కట్టాను. సగం మీవి.