జలాశయం మట్టం దించితే వాగులో మేట తగ్గుతుందా?

మొయినాబాద్_వాసి:
హిమాయత్‌సాగర్‌లో మా వాగు కలిసే చోట ఏటా వానాకాలం అయ్యేసరికి ఒండ్రు మేట ఇంకాస్త ఎగువకు పాకుతోంది. మనిషి లోతు ఉండే మడుగులో ఇప్పుడు తుంగ మొలిచింది, బర్రెలు నడిచి దాటుతున్నాయి, గట్టి వాన పడితే నీళ్లు లోపలికి పోలేక చేలల్లోకి ఎక్కుతున్నాయి. జేసీబీతో తీయించినా మళ్లీ అంతే. మట్టం కాస్త దించి ఉంచితే ఫలితం ఉంటుందా?

పాత_ఇరిగేషన్:
ఉంటుంది, కానీ ఎప్పుడు దించుతారన్నదే ముఖ్యం. వాగు నిలవనీళ్లలో కలవగానే వేగం చచ్చిపోయి ముతక ఇసుకను అక్కడే వదిలేస్తుంది, సన్న ఒండ్రు మాత్రం కట్ట వైపు పోతుంది. మట్టం సముద్రమట్టం లెక్కన 1763.5 అడుగులకు, అంటే నిండుకు దగ్గరగా ఉంటే నిలవనీరు వాగులోకి ఎగదన్ని ఉంటుంది కాబట్టి మేట కూడా వాగులోనే పడుతుంది. మొదటి పెద్ద వరద వచ్చేటప్పటికి మట్టం కిందికి ఉంటే ఆ వరదే పాత మేటను కోసుకుంటూ లోపలికి తోసేస్తుంది. ఎండాకాలంలో ఎంత దించినా వరద లేకపోతే ఏమీ కదలదు.

చైనాలో పసుపు నది మీద సన్‌మెన్‌షియా డ్యామ్‌ను 1960లో నింపడం మొదలుపెడితే కొద్ది ఏళ్లలోనే మేట ఎగువన వెయ్ నది కలిసే చోటు దాకా పెరిగి అక్కడ వరద భయం పట్టుకుంది. చివరికి అడుగు తూములు తెరిచి, వరద కాలంలో బురదనీళ్లు వదిలేసి తేటనీళ్లు వచ్చాక నింపుకోవడం మొదలుపెట్టారు.

గండిపేట_గల్లీ:
అన్నా, ఇది తాగునీళ్ల చెరువు, పట్టేదే మూడు టీఎంసీల లోపు. జులైలో దించేశాక ఆగస్టులో వానలు మొహం చాటేస్తే ఎవరు జవాబు చెప్తారు? గబగబా గేట్లు ఎత్తితే దిగువన మూసీ పొంగి చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ దగ్గర బస్తీలు మునుగుతాయి, అది మనం చూస్తూనే ఉన్నాం. పైగా వాగులోంచి పోయిన మట్టి చెరువులోనే కదా పడేది! తుంగభద్రలో పూడిక వల్లే నిల్వ సామర్థ్యం 133 టీఎంసీల నుంచి 105కు పడిపోయింది.

పాత_ఇరిగేషన్:
నిజమే తమ్ముడూ, పై గేట్లు ఎత్తితే పోయేది ఎక్కువగా పై నీళ్లే, అడుగు తూము లేనిదే పూడిక బయటికి పోదు. అందుకే నేను ఖాళీ చేయమనను, తొలి వరద దాకా కొన్ని అడుగులు తక్కువ ఉంచి, వాన అంచనా చూసుకుంటూ నెమ్మదిగా నింపమంటాను. దానికి తోడు వాగు ఎగువన చిన్న చెక్‌డ్యాములు కట్టి ముతక ఇసుకను అక్కడే ఆపి ఏటా ఎత్తేయాలి.

మొయినాబాద్_వాసి:
సార్, మరి వేసవిలో మట్టం తగ్గినప్పుడు మేట పైన తేలిన ఒండ్రును మిషన్ కాకతీయలో లాగా పొలాలకు తోలుకోవచ్చా? మా దగ్గర ట్రాక్టర్లు ఉన్నాయి.

పాత_ఇరిగేషన్:
మంచిదే, అయితే అది ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) లోపలి భూమి, ముందు అనుమతి తీసుకోండి. ఇసుక వేరు చేసి సన్న ఒండ్రు మాత్రమే తోలండి, దానికి ముందు మట్టి పరీక్ష చేయించండి, ఎగువ నుంచి మురుగు కలుస్తుంటే పొలానికి వద్దు.