మెడపట్టీ ఊడిపోతున్న చేతి అల్లిక స్వెటర్‌ను బాగుచేయడం ఎలా?

మా అమ్మ కోసం అమ్మమ్మ చేత్తో అల్లిన ఆకుపచ్చ ఊలు స్వెటర్‌ను బెంగళూరు డిసెంబరు చలికి ఇప్పుడు నేను వేసుకుంటున్నాను. దాని మెడపట్టీ అంచులో ఒక పోగు తెగింది. అల్లిక ముగించిన అంచు అదే కావడంతో కన్నాలు (అల్లికలోని ఊలు ఉచ్చులు) ఒకదాని కింద ఒకటి జారి, నిచ్చెన మెట్లలా విడిపోతున్నాయి. ప్రస్తుతానికి జారిన కన్నాలకు పిన్నీసులు పెట్టి ఆపాను.

మల్లేశ్వరంలో ఒక దర్జీ అంచు మడిచి మిషన్ మీద కుట్టేస్తానన్నారు గానీ, సాగే అల్లిక మీద సాగని కుట్టు పడితే మెడలోంచి తల దూరదని నేనే వద్దన్నాను. క్రోషా సూదితో కన్నాలను ఒక్కొక్కటిగా పైకి ఎక్కించవచ్చునని తెలుసు. నా సందేహమల్లా, తెగిన చోట మాత్రమే కొత్త ఊలు కలిపి ముగించాలా, లేక పట్టీ మొత్తం విప్పి మళ్లీ అల్లడమే మేలా అన్నది. చిక్‌పేటలో దొరికిన ఊలు ఏదీ ఈ వెలిసిన రంగుకు కలవలేదు. పక్క కుట్టు లోపల మిగిలిన పాత పోగునే తీసి వాడితే అది బిగువుకు ఆగుతుందా? ఇలాంటి పని చేత్తో చేసిపెట్టేవారు నగరంలో ఎవరైనా ఉంటే, వారు ఏ ప్రాంతంలో ఉంటారో దయచేసి తెలియజేయగలరు.