అప్‌డేట్: కొత్త ఫ్లాట్‌లో గీజర్ వారంటీ సంగతి తేలింది

పోరంకిలో మా కొత్త ఫ్లాట్‌కి బిల్డర్ పెట్టించిన గీజర్‌లో నీళ్లు కాగట్లేదని, బిల్లు లేకుండా వారంటీ వస్తుందా అని అడిగాను కదా. సలహాలిచ్చిన వాళ్లందరికీ థ్యాంక్స్.

బిల్డర్ దగ్గర బిల్లు కాపీ తీసుకోమన్న మాటే పనికొచ్చింది. బిల్లు ఆయన పేరు మీదున్నా సర్వీస్‌వాళ్లు పట్టించుకోలేదు, సీరియల్ నంబరు కలిస్తే చాలన్నారు. కాకపోతే వారంటీ లెక్క గృహప్రవేశం నుంచి కాదు, బిల్లు తేదీ నుంచి. మా మోడల్‌లో ట్యాంకుకి 5 ఏళ్లు, మిగతా పార్టులకి 2 ఏళ్లే. అందులో కొంత బిల్డర్ గోడౌన్‌లోనే కరిగిపోయింది!

విప్పి చూస్తే నీళ్లు కాచే ఎలిమెంట్ నిండా సున్నంలా తెల్లటి పొర, అంతా బోరు నీళ్ల పుణ్యం. అయినా పోయింది మాత్రం వేడిని అదుపు చేసే థర్మోస్టాట్. దాన్ని ఫ్రీగా మార్చారు. పొర గీకినందుకు డబ్బులు తీసుకున్నారు, అది వారంటీలో రాదట. వోల్టేజీ వల్లో, ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) వల్లో అన్న అనుమానాలకి దీనితో సంబంధమే లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 దాకా వెళ్లాల్సిన పనీ పడలేదు.