అప్‌డేట్: మా కొండ మీద యూత్ మీటింగ్ సంగతి

రెండు నెలల క్రితం ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా, విజయవాడలో మా కొండ కాలనీలో చర్చి తరఫున యూత్ మీటింగ్ పెడితే ఎవరూ రావట్లేదని. "వాక్యం (బైబిల్ బోధ) తర్వాత, ముందు ఆ కుర్రాళ్లతో కూర్చోండి" అన్నారు మీరు. అప్పుడు కాస్త కోపమొచ్చింది, నిజం చెప్తున్నా.

కరపత్రాలు పక్కనపెట్టి మెట్ల దగ్గర క్యారమ్ బోర్డు వేశాం. మొదట ముగ్గురు, ఇప్పుడు పదకొండు మంది. బడి మానేసిన ఇద్దరి చేత ఓపెన్ స్కూల్‌లో (రోజూ బడికి వెళ్లకుండానే చదివి పరీక్ష రాసేది) పదో తరగతికి ఫీజు కట్టించాం. 14 ఏళ్లు నిండితే చాలట, ఈ సంగతి నాకే తెలియదు. గంజాయి అలవాటైన ఒకబ్బాయి కోసం మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేశాం. రెండుసార్లు కౌన్సెలింగ్‌కి వచ్చి, తర్వాత రావడం మానేశాడు. వాళ్లమ్మకి రోజూ టెన్షనే.

"మతం మార్చడానికా ఇదంతా?" అని ఒకాయన నిలదీశాడు. రాత్రిపూట క్యారమ్ బోర్డు దాచేది ఇప్పుడు ఆయనింట్లోనే.